దెబ్బకు దాఖలా

1855లో మద్రాసులో ముగ్గురు కమిషనర్లు ఒక నివేదిక రాసి ప్రభుత్వానికి అందజేశారు. ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ఆ ముగ్గురికీ అప్పగించిన పని బరువైనది. సిస్తు రాబట్టడానికీ, నేరం ఒప్పించడానికీ మద్రాసు రాజధానిలో సర్కారు నౌకర్లు జనాన్ని చిత్రహింసలు పెడుతున్నారన్న ఆరోపణ లండన్ పార్లమెంటు దాకా వెళ్లింది. అది నిజమో కాదో తేల్చమన్నారు. చెప్పుకుంటే వినేవాళ్లున్నారని ఊరూరా తెలిసేసరికి జనం దూరాభారాలు లెక్కచేయకుండా మద్రాసు చేరి తమ గోడు చెప్పుకున్నారు. రాలేనివాళ్లు అర్జీలు పంపారు. ఆరోపణ నిజమేనని కమిషన్ తేల్చింది.

ఆ ఇంగ్లీషు నివేదికలో రెండు తెలుగు మాటలున్నాయి. చీరట, గింగెరి అని పలికేట్టు వాటిని రాశారు. రెండు కర్రల్ని ఒక కొసన కలిపి కట్టి, మధ్యలో వేళ్లు పెట్టి నిమ్మకాయ పిండినట్టు నొక్కడం మొదటిది. మనిషిని ముందుకు వంచి, మెడకూ కాలివేళ్లకూ కలిపి తాడు బిగించి, అలాగే ఉంచేయడం రెండోది. కోస్తా జిల్లాలూ దత్తమండలాలూ మద్రాసు పాలనలో ఉన్న రోజులవి. న్యాయ చరిత్రలో ఒక ముఖ్యమైన పత్రంలోకి మన భాష ఇలా హింసల పేర్లుగా ఎక్కింది. రెండేళ్ల తరవాత కార్ల్ మార్క్స్ న్యూయార్క్ పత్రికలో భారతదేశపు చిత్రహింసల మీద రాసినప్పుడు ఆయన ముందున్న ఆధారాల్లో ఈ నివేదిక ఒకటి.

అదే 1855 మార్చిలో కలకత్తాలో మరో కాగితం తయారైంది. దాని పేరు ప్రాణాంతక ప్రమాదాల చట్టం. అంతకు ముందు ఇంగ్లీషు న్యాయంలో ఒక కఠినమైన సూత్రం ఉండేది. ఎవరి నిర్లక్ష్యం వల్లనైనా మనిషికి కాలు విరిగితే అతను దావా వేయవచ్చు. అతను చనిపోతే దావా కూడా అతనితోపాటే పోతుంది. ఇంగ్లండులో 1846లో ఆ సూత్రాన్ని తొలగించారు. తొమ్మిదేళ్లకు ఇక్కడా చట్టం వచ్చింది. చనిపోయిన మనిషి భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలు నష్టపరిహారం అడగవచ్చని అది చెప్పింది. మరుసటి ఏడాదే, అంటే 1856లో, మద్రాసు రాయపురం నుంచి రైలు కదిలింది. యంత్రాల కింద పడి మనుషులు చనిపోయే కాలం అప్పుడే మొదలవుతోంది.

ఠాణాలో తగిలే దెబ్బ ఒకటి, దారిలో తగిలే దెబ్బ ఒకటి. మామూలు మనిషికి చట్టంతో పని పడేది ఎక్కువగా ఈ రెండు చోట్లే. ఈ రెండింటి చరిత్రనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. దెబ్బ తగిలిన వేళ, చోటు, తగిలించినవాడి పేరు కాగితం మీదికి ఎక్కించడానికి జరిగిన పోరాటమే నూట డెబ్బై ఏళ్లుగా హక్కుల చరిత్ర. కాగితమెక్కని దెబ్బకు కోర్టులో విలువ లేదు. అందుకే ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు ఆ కాగితం కోసం కొట్లాడాల్సి వచ్చింది.

ఠాణాలో చెప్పిన మాట

మద్రాసు కమిషన్ కాలానికి పన్ను వసూలు చేసే తహసీల్దారే పోలీసు అధికారం కూడా చలాయించేవాడు. బాకీ పడ్డ రైతును పట్టుకొచ్చేదీ, దొంగను పట్టుకొచ్చేదీ ఒకే మనుషులు. నివేదిక తరవాత 1859లో మద్రాసుకు కొత్త పోలీసు చట్టం వచ్చి పోలీసును విడి శాఖగా చేసింది. 1861లో దేశం మొత్తానికీ పోలీసు చట్టం, నేర విచారణ స్మృతి వచ్చాయి.

ఆ స్మృతిలో పెట్టి, 1872 సాక్ష్య చట్టంలో స్థిరపరిచిన నియమం మన న్యాయవ్యవస్థలో అతి విలువైనవాటిలో ఒకటి. పోలీసు అధికారి దగ్గర చేసిన నేరాంగీకారం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. పోలీసుల అదుపులో ఉండగా ఎవరి దగ్గర ఒప్పుకున్నా, మేజిస్ట్రేటు ఎదుట తప్ప చెల్లదు. కొట్టి చెప్పించిన మాటకు విలువ లేకుండా చేస్తే కొట్టాల్సిన అవసరం తగ్గుతుందని చట్టం రాసినవాళ్ల ఆశ. కానీ ఆ పక్కనే 27వ సెక్షన్ ఒక తలుపు తెరిచి ఉంచింది. నిందితుడు చెప్పినదాన్ని బట్టి ఏదైనా వస్తువు దొరికితే, ఆ మేరకు అతని మాట సాక్ష్యమే. స్టేషను భాషలో 'రికవరీ' అనేది ఇదే. దొరికిన కత్తి, దొరికిన గొలుసు అన్న మాటల చుట్టూ మన సెషన్స్ కోర్టుల్లో ఇప్పటికీ వాదాలు నడుస్తూనే ఉన్నాయి.

తెలంగాణది కొంత వేరే దారి. నిజాం రాజ్యానికి సొంత చట్టాలుండేవి. 1921లోనే ఒక ఫర్మానాతో అక్కడ న్యాయ శాఖను పాలనా శాఖ నుంచి వేరు చేశారు. బ్రిటిష్ ఇండియాలో కాంగ్రెస్ వాళ్లు దశాబ్దాల పాటు అడిగినా దక్కని సంస్కరణ అది. హైదరాబాద్ భారతదేశంలో కలిశాక, 1951లో భారత శిక్షాస్మృతి, నేర విచారణ స్మృతి, సాక్ష్య చట్టం అక్కడికీ వర్తించాయి. అప్పటినుంచి రెండు ప్రాంతాల తెలుగువాళ్లకూ ఠాణాలో ఒకే చట్టం.

రాజ్యాంగంలో రెండు అధికరణలు

1949 సెప్టెంబరు 15న రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఒక కొత్త అధికరణను ప్రతిపాదించారు. ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకూ హామీ ఇచ్చే అధికరణలో 'చట్టం నిర్దేశించిన పద్ధతి' అన్న మాటతో సరిపెట్టారనీ, శాసనసభ ఎలాంటి చట్టం చేసినా అదే పద్ధతి అయిపోతుందనీ సభ్యుల్లో చాలామందికి అసంతృప్తి ఉంది. ఆ లోటు కొంతైనా పూడ్చడానికి తెచ్చిందే ఇప్పటి 22వ అధికరణ. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి. తనకు నచ్చిన లాయరును సంప్రదించుకోనివ్వాలి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. 20వ అధికరణ మరో మాట కలిపింది: నిందితుణ్ణి అతనికే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదు.

ఈ నియమాల్లో కొన్ని బ్రిటిష్ కాలపు స్మృతిలోనూ ఉన్నాయి. కానీ మామూలు చట్టాన్ని శాసనసభ మార్చుకోవచ్చు. రాజ్యాంగంలో ఉన్నదాన్ని అంత సులువుగా కదపలేరు. 22వ అధికరణలోనే ముందస్తు నిర్బంధానికి మినహాయింపు కూడా ఉందన్న సంగతి మరిచిపోకూడదు. నేరం జరగకముందే జైల్లో పెట్టే చట్టాలకు అక్కడినుంచే ఊపిరి అందింది. 1950లోనే ఎ.కె. గోపాలన్ కేసులో సుప్రీంకోర్టు ఆ నిర్బంధాన్ని సమర్థించింది. ఆ తీర్పు నీడ నుంచి బయటపడటానికి 28 ఏళ్లు పట్టింది. 1978 జనవరిలో మేనకాగాంధీ కేసులో, చట్టం చెప్పే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండి తీరాలని సుప్రీంకోర్టు తేల్చింది.

పూచీకత్తు ఎక్కడ తెస్తాడు

1978 నుంచి ఓ పదేళ్లు మన నేర న్యాయంలో కిటికీలు తెరుచుకున్న కాలం. అందులో ఒక కేసు ఒక తాపీమేస్త్రీది. మధ్యప్రదేశ్‌లో అతనికి బెయిలు ఇస్తూ మేజిస్ట్రేటు పదివేల రూపాయల పూచీకత్తు అడిగాడు. సోదరుడు జామీను ఉంటానంటే, అతనిదీ అతని ఆస్తిదీ వేరే జిల్లా కాబట్టి కుదరదన్నాడు. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ ఉత్తర్వును తప్పుపట్టారు. బస్తర్‌లోనో పోర్ట్‌బ్లెయిర్‌లోనో అరెస్టయిన తెలుగువాడు, మలయాళీ స్థానిక జామీనుదారును ఎక్కడినుంచి తేగలరని తీర్పులోనే అడిగారు. వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద ఆ మేస్త్రీని విడిచిపెట్టమన్నారు. పని కోసం ఊళ్లు దాటి వెళ్లే లక్షలాది మందికి సంబంధించిన ప్రశ్న అది.

మరుసటి ఏడాది బీహార్ జైళ్ల కథ బయటపడింది. నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగా మగ్గుతున్నవాళ్ల గురించి పత్రికలో వచ్చిన కథనాలు చదివి న్యాయవాది కపిలా హింగోరానీ సుప్రీంకోర్టుకు వెళ్లారు. హుసైనారా ఖాతూన్ కేసుగా పేరుపడ్డ ఆ వ్యవహారంలో, త్వరగా విచారణ జరగడం ప్రాణహక్కులో భాగమని జస్టిస్ పి.ఎన్. భగవతి రాశారు. డబ్బు లేనివాడికి ప్రభుత్వమే లాయరును పెట్టాలన్న మాట కూడా ఆ వరసలోనే బలపడింది. ఉచిత న్యాయ సహాయం కోసం 1976లో రాజ్యాంగంలో చేర్చిన 39-ఎ అధికరణ అప్పటికి ఆశయంగానే ఉంది. 1987లో న్యాయ సేవా సంస్థల చట్టం వచ్చింది. 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. స్త్రీలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అడగవచ్చు. 15100 నంబరుకు ఫోన్ చేస్తే చాలు. ఇంటి ఆడమనిషికి కేసు వస్తే ఊళ్లో అప్పు కోసం తిరిగే కుటుంబాల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు ఇప్పటికీ తక్కువే.

హైదరాబాద్‌కు 1978 మరో రకంగా గుర్తు. ఆ ఏడాది మార్చిలో నల్లకుంట ఠాణాలో ఒక స్త్రీ మీద పోలీసులే అత్యాచారం చేశారన్న వార్త, ఆమె భర్త దెబ్బలకు చనిపోయాడన్న వార్త నగరాన్ని భగ్గుమనిపించాయి. జస్టిస్ ముక్తదార్ కమిషన్ విచారించి పోలీసులను తప్పుపట్టింది. ఆ తరవాత కోర్టు విచారణలో మాత్రం నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. 1978లోనే మహారాష్ట్రలోని మరో ఠాణా కేసులో సుప్రీంకోర్టు కూడా పోలీసులను విడిచిపెట్టింది. దేశమంతా మహిళా సంఘాలు వీధికెక్కాయి. 1983లో శిక్షాస్మృతి మారింది. కస్టడీలో జరిగే అత్యాచారం విడి నేరమైంది. అలాంటి కేసుల్లో కలయిక జరిగినట్టు రుజువై, తాను ఒప్పుకోలేదని బాధితురాలు చెబితే ఆ మాటనే నిజంగా భావించాలన్న నియమం వచ్చింది. సూర్యాస్తమయం తరవాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చేయకూడదన్న నియమం 2005 సవరణతో వచ్చింది. తప్పనిసరైతే మహిళా పోలీసు అధికారి మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో పౌరహక్కుల ఉద్యమం ఎన్‌కౌంటర్ చావుల మీద ఒకే ప్రశ్న వేసింది: ప్రతి చావుకూ కేసు కట్టారా? కె.జి. కన్నబిరాన్, కె. బాలగోపాల్ లాంటి న్యాయవాదులు దశాబ్దాల పాటు ఆ ప్రశ్నను కోర్టుల్లో నిలబెట్టారు. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అలాంటి ప్రతి చావుకూ ఎఫ్ఐఆర్ నమోదు చేయాల్సిందేనంది. ఆ తీర్పు మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2014లో మరో కేసులో సుప్రీంకోర్టే ఎఫ్ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు తప్పనిసరి చేస్తూ మార్గదర్శకాలిచ్చింది.

ఒంటి మీది గాయాల పట్టిక

1986లో పశ్చిమ బెంగాల్ న్యాయ సహాయ సంస్థ నుంచి డి.కె. బసు సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాశారు. లాకప్ చావుల గురించి పత్రికల్లో వచ్చిన వార్తలను దానికి జతచేశారు. ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకున్న కోర్టు 1996 డిసెంబరు 18న పదకొండు ఆదేశాలిచ్చింది.

అవి ఏం చెప్పాయో చూస్తే, మొత్తం పోరాటం కాగితం గురించే అని తెలుస్తుంది. అరెస్టు చేసే పోలీసు తన పేరు కనిపించే బిళ్ల పెట్టుకోవాలి. అరెస్టు మెమో రాయాలి. అందులో వేళ, తేదీ ఉండాలి. ఇంటి మనిషో, ఆ పేటలోని పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి. అరెస్టయినవాడూ సంతకం చేయాలి. ఎక్కడ ఉంచారో అతని వాళ్లకు తెలియజేయాలి. అతను కోరితే ఒంటి మీద ఉన్న చిన్నా పెద్దా గాయాలన్నీ ఒక పత్రంలో రాసి, ఇద్దరూ సంతకాలు చేసి, నకలు అతని చేతికివ్వాలి. 48 గంటలకోసారి డాక్టరు చూడాలి. 1855లో మద్రాసుకు నడిచి వెళ్లి మచ్చలు చూపించుకున్న మనిషికి ఇప్పుడు లోపలికి వెళ్లే రోజునే ఆ మచ్చల పట్టిక ఉంటుంది. బయటికి వచ్చేనాటికి పట్టికలో లేని గాయం కనిపిస్తే జవాబు చెప్పాల్సింది పోలీసే. ఈ ఆదేశాల్లో ముఖ్యమైనవి 2010 నవంబరు నుంచి నేర విచారణ స్మృతిలోనే సెక్షన్లయ్యాయి.

కేసు కట్టించుకోవడం కూడా అంతే ముఖ్యం. 'ఎస్సై లేడు, రేపు రా', 'అది మా పరిధి కాదు' అన్న మాటలు ఎవరికీ కొత్త కాదు. విచారణార్హమైన నేరం జరిగిందని సమాచారం వస్తే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరాలని 2013 నవంబరులో లలితా కుమారి కేసులో ఐదుగురు న్యాయమూర్తులు తేల్చారు. ఫిర్యాది చేతికి నకలు ఉచితంగా ఇవ్వాలన్నది 1973 స్మృతిలోనే ఉంది. 24 గంటల్లో ఎఫ్ఐఆర్‌ను వెబ్‌సైటులో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. సున్నితమైన కేసులకు మినహాయింపు ఉంది. ఇక ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దని, ముందు హాజరు నోటీసు ఇవ్వాలని 2014లో అర్నేష్ కుమార్ తీర్పు వచ్చింది. స్టేషన్లలో 'నలభై ఒకటి ఏ నోటీసు' అన్న మాట అప్పటినుంచే వాడుకలో పడింది.

సర్కారు చెల్లించాలా

1861లో కలకత్తా కోర్టుకు ఒక గుర్రం కేసు వచ్చింది. కిడర్‌పూర్ ప్రభుత్వ నౌకాశాలలో పనివాళ్లు ఇనుప సామాను మోసుకెళ్తూ దాన్ని కింద పడేశారు. ఆ చప్పుడుకు ఒక నౌకా కంపెనీ బండి గుర్రం బెదిరి, ఇనుముకు తగిలి గాయపడింది. కంపెనీ 350 రూపాయలకు దావా వేసింది. ప్రభుత్వం వ్యాపారిలా నడిపే పనిలో తప్పు జరిగితే వ్యాపారిలాగే చెల్లించాలి, రాజ్యాధికారంతో చేసే పనుల్లో మాత్రం అక్కర్లేదు అని కోర్టు గీత గీసింది. ఆ గీత వందేళ్లకు పైగా జనాన్ని బాధించింది. మీరట్ ఠాణాలో పోలీసులు పట్టుకున్న బంగారంతో హెడ్ కానిస్టేబుల్ పారిపోతే, 1964లో సుప్రీంకోర్టు ఆ గీతనే చూపించి యజమానికి పరిహారం లేదంది.

ఆ గీతను చెరపడంలో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన రెండు కేసులకు వాటా ఉంది. 1975లో ఒక ఎరువుల, ధాన్యాల వ్యాపారి సరుకును అధికారులు జప్తు చేశారు. సరుకు తిరిగివ్వమని ఉత్తర్వు వచ్చేసరికి అది పాడైపోయింది. నాగేంద్రరావు అండ్ కంపెనీ పేరుతో నడిచిన ఆ కేసులో 1994లో సుప్రీంకోర్టు, ప్రజాస్వామ్యంలో అధికారుల నిర్లక్ష్యానికి రాజ్యం రాచరికపు మినహాయింపు కోరలేదని చెప్పి పరిహారం కట్టమంది.

రెండోది అప్పటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలుది. 1977 మేలో ఒక రాత్రి ప్రత్యర్థులు గదిలోకి బాంబులు విసిరితే ఒక ఖైదీ చనిపోయాడు. ప్రాణభయం ఉందని ముందే చెప్పుకున్నా కాపలా పెంచలేదు. కొడుకు దావా వేశాడు. సుప్రీంకోర్టు 2000లో తీర్పు చెప్పింది. ఖైదీ కూడా మనిషే, అతని ప్రాణహక్కు జైలు గుమ్మం దగ్గర ఆగిపోదు, సార్వభౌమాధికారం అన్న వాదన ఇక్కడ పనికిరాదు. పరిహారం 1,44,000 రూపాయలు. దావా వేసిన కుటుంబం ఆ మాట కోసం ఇరవై మూడేళ్లు ఎదురుచూసింది.

ఈలోగా మరో దారి కూడా తెరుచుకుంది. 1968లో నిర్దోషిగా తేలినా 1982 దాకా జైల్లోనే ఉండిపోయిన రుదుల్ షాకు 1983లో సుప్రీంకోర్టు నేరుగా రిట్ పిటిషన్‌లోనే 35,000 రూపాయల పరిహారం ఇప్పించింది. సివిల్ దావా వేసి ఏళ్లు గడపమని అనలేదు. 1993లో కస్టడీ నుంచి రైలు పట్టాల మీద శవంగా తేలిన కొడుకు కోసం ఉత్తరం రాసిన ఒడిశా తల్లికి 1,50,000 రూపాయలు ఇవ్వమంది.

రోడ్డు మీద ప్రాణం లెక్క

కారు వచ్చాక ప్రమాదాల సంఖ్య మారింది. 1939 మోటారు వాహనాల చట్టం దారిన పోయేవాళ్ల కోసం బీమా తప్పనిసరి అంది. ఆ భాగం 1946 జూలైలో అమల్లోకి వచ్చింది. 1956 సవరణతో ప్రత్యేక ట్రిబ్యునళ్లు పుట్టాయి. సివిల్ కోర్టులో భారీ కోర్టు ఫీజు కట్టే బాధ తప్పింది. అయినా తప్పు డ్రైవరుదేనని రుజువు చేయాల్సిన భారం బాధితుడిదే. పనిలో జరిగే ప్రమాదాల విషయంలో 1923 నాటి కార్మికుల పరిహార చట్టమే ఆ భారాన్ని దించింది. రోడ్డు బాధితుడికి ఆ ఊరట 1982లో, అదీ కొద్దిగా దక్కింది. తప్పెవరిదని అడగకుండా మరణానికి 15,000, శాశ్వత వైకల్యానికి 7,500 రూపాయలు. ఆ మొత్తాలు 1988 చట్టంలో 25,000, 12,000 అయ్యాయి. 1994లో 50,000, 25,000 అయ్యాయి. 2019 సవరణ తరవాత మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు.

1994 సవరణ ఇంకో మేలు చేసింది. ప్రమాదం ఎక్కడ జరిగినా, బాధితుడు తాను నివసించే చోటి ట్రిబ్యునల్‌లోనే అర్జీ వేసుకోవచ్చు. పుణెలో లారీ గుద్దిన కడప కూలీ కుటుంబం కడపలోనే అడగవచ్చు.

ఎంత అడగాలి అన్నది చాలాకాలం ఏ జడ్జి చేతిలో పడితే అంత అన్నట్టు ఉండేది. 2009లో సరళా వర్మ తీర్పు, 2017లో ప్రణయ్ సేథీ తీర్పు దానికి లెక్క కుదిర్చాయి. ఉదాహరణకు నెలకు 15,000 సంపాదించే 34 ఏళ్ల తాపీమేస్త్రీ చనిపోయాడనుకుందాం. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీద ఆధారపడ్డారు. నలభై లోపు వయసు, సొంత పని కాబట్టి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 21,000. ఆధారపడ్డవాళ్లు నలుగురు కాబట్టి అతని సొంత ఖర్చుకు నాలుగో వంతు తీసేస్తే 15,750. ఏడాదికి 1,89,000. ముప్పై ఒకటి నుంచి ముప్పై అయిదు మధ్య వయసుకు గుణకం 16. మొత్తం 30,24,000 రూపాయలు. దీనికి అంత్యక్రియల ఖర్చు, కుటుంబ సాంగత్యం కోల్పోయినందుకు ఇచ్చేవి అదనం. ఈ లెక్క తెలిసిన కుటుంబం శవం ఇంటికి చేరకముందే ఎవరో తెచ్చే రెండు లక్షల రాజీ కాగితం మీద వేలిముద్ర వేయదు. వచ్చిన డబ్బులో ఇంత శాతం తనకు రాసివ్వాలని లాయరు ఒప్పందం చేసుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధమని కూడా ఆ కుటుంబానికి తెలియాలి.

జీతం కాగితం లేని మనిషి సంగతేమిటి? వంటింట్లో పనిచేసే స్త్రీకి జీతమే లేదు. ఆమె చనిపోతే ఏం పోయినట్టు? 2021 జనవరిలో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ దీనికి విడిగా తీర్పు రాశారు. కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన ఆయన కొన్ని నెలల తరవాత భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 2011 జనగణనలో దాదాపు 16 కోట్ల మంది స్త్రీలు ఇంటిపనే తమ ముఖ్యమైన పనిగా చెప్పారని ఆయన గుర్తుచేశారు. స్త్రీలు ఇంటిపనికి రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారన్న సర్వే అంకెలను తీర్పులోకి తెచ్చారు. ఆ శ్రమకు ఆదాయం లెక్కకట్టి, భవిష్యత్తు పెరుగుదల కూడా కలపాలని రాశారు. ఏ రసీదూ లేని పని అలా న్యాయస్థానం పుస్తకంలోకి ఎక్కింది.

గాయపడ్డవాణ్ణి ఎవరు ముట్టుకోవాలి

రోడ్డు మీద పడి ఉన్నవాణ్ణి చూసి జనం దూరంగా నిలబడటానికి రాతిగుండె కారణం కాదు. ఆసుపత్రిలో పేరు అడుగుతారు, ఠాణాలో గంటలు కూర్చోబెడతారు, ఏళ్ల తరబడి సాక్ష్యానికి తిప్పుతారు అన్న భయం కారణం. స్కూటరు మీద వెళ్తూ గాయపడ్డ ఒకాయన్ని పోలీసు కేసుల ఆసుపత్రికి వెళ్లమని పంపేస్తే, ఇరవై కిలోమీటర్ల అవతలి ఆసుపత్రికి చేరేలోగా ప్రాణం పోయిందన్న వార్త చదివి పరమానంద్ కటారా సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1989 ఆగస్టులో తీర్పు వచ్చింది. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు కాగితాలు తరవాత. 2016 మార్చిలో, ఆదుకున్నవాళ్లను వేధించకూడదన్న మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు చట్టబలం ఇచ్చింది. 2019 సవరణ వాటిని 134-ఎ సెక్షన్‌గా చేసింది. ఆదుకున్నవాడు పేరు చెప్పాల్సిన పనిలేదు. 2025 మేలో మరో పథకం వచ్చింది. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల పాటు, లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం.

2022 ఏప్రిల్ నుంచి కొత్త నియమాల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో ట్రిబ్యునల్‌కు తొలి నివేదిక పంపాలి. బాధితుడికి తన హక్కులేమిటో చెప్పే పత్రం ఇవ్వాలి. అదే తేదీ నుంచి ఒక కీడు కూడా వచ్చింది. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా అర్జీ వేయాలన్న గడువు. 1994లో తీసేసిన గడువును మళ్లీ తెచ్చారు. కాలు తీసేసిన మనిషి మంచం దిగేసరికే ఆరు నెలలు గడిచిపోతాయి. ఈ గడువును సవాలు చేసిన పిటిషన్లు సుప్రీంకోర్టు ముందున్నాయి. 2025 నవంబరులో, ఆ కారణంతో అర్జీలను కొట్టేయవద్దని కోర్టు మధ్యంతరంగా చెప్పింది.

అరెస్టు కారణం తెలుగులో

2024 జూలై 1న పాత మూడు చట్టాలు పోయి భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియం వచ్చాయి. ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు చేసుకునే జీరో ఎఫ్ఐఆర్, ఫోన్ నుంచి పంపే ఫిర్యాదు చట్టంలో చేరాయి. ఫోన్‌లో పంపినవాళ్లు మూడు రోజుల్లో వచ్చి సంతకం చేయాలి. మొదటిసారి కేసులో చిక్కిన విచారణ ఖైదీ, గరిష్ఠ శిక్షలో మూడో వంతు గడిపితే పూచీకత్తు మీద బయటికి రావచ్చు. మరణశిక్షో యావజ్జీవమో పడే నేరాలకు ఇది వర్తించదు. నాగరిక్ సురక్షా సంహితలోనే ఫిర్యాది కోసం తలుపు కొంచెం మూసుకుంది కూడా. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో ఎఫ్ఐఆర్ కట్టే ముందు పద్నాలుగు రోజుల ప్రాథమిక విచారణకు పోలీసుకు వీలు దొరికింది. పోలీసుకు చెప్పిన ఒప్పుకోలు చెల్లదన్న 1872 నాటి నియమం సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్‌గా నిలిచింది. రికవరీ మినహాయింపు కూడా అందులోనే కలిసి నిలిచింది.

2025 నవంబరు 6న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పులో ఠాణా దారి, రోడ్డు దారి కలిశాయి. ముంబైలో ఒక కారు స్కూటరును గుద్ది ఒక మహిళ ప్రాణం తీసిన కేసు అది. అరెస్టయినవాడు తనకు కారణాలు రాసి ఇవ్వలేదన్నాడు. ప్రమాదంలో చనిపోయిన మనిషికి న్యాయం జరగాలన్నది ఎంత నిజమో, పట్టుబడ్డవాడికి కారణం తెలియాలన్నదీ అంతే నిజమన్న చోట కోర్టు నిలబడింది. ఏ నేరమైనా, ఏ చట్టమైనా, అరెస్టుకు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. వెంటనే కుదరకపోతే నోటితో చెప్పి, రిమాండు కోసం మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందు కాగితం చేతికివ్వాలి. అదీ ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలి.

కర్నూలులోనో ఖమ్మంలోనో ఒక రాత్రి అరెస్టయిన మనిషికి ఆ భాష తెలుగు. 1855 నివేదికలో చీరట, గింగెరి అనే పేర్లతో మాత్రమే కనిపించిన భాష, ఇప్పుడు స్టేషను రైటరు తెల్ల కాగితం మీద వేళ, తేదీ, సెక్షను, కారణం రాసి నిందితుడి సంతకం తీసుకోవాల్సిన భాష అయింది. ఆ కాగితం నకలు అడిగి పుచ్చుకున్నారా అన్నది రిమాండు రోజున అతని లాయరు అడగాల్సిన మొదటి ప్రశ్న.